కరోనాలో ఐక్యరాజ్య సమితి ఆన్‌లైన్ మీటింగులకు కూర్చున్న మన ఆడవాళ్లు: ఎవరికి ఏం ఒరిగింది?

మక్తల్_మాధవి
మా మహిళా సంఘంలో ఒక గొడవ నడుస్తోంది, మీ అభిప్రాయం కావాలి. 2020 మార్చిలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి మహిళా కమిషన్ సమావేశం రెండు వారాలు జరగాల్సింది. 1995లో బీజింగ్‌లో ఆడవాళ్ల సమానత్వం కోసం దేశాలన్నీ ఒప్పుకున్న కార్యాచరణకు పాతికేళ్లైన సందర్భం అది. కరోనా వల్ల మార్చి 9న ఒక్క రోజులో ముగించారు. మరుసటి ఏడాది, 2021 మార్చి 15 నుంచి 26 దాకా, చాలావరకు ఆన్‌లైన్‌లో పెట్టారు. స్వచ్ఛంద సంస్థల మీటింగులైతే మొత్తం ఆన్‌లైనే. అప్పుడు మన ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల నుంచి కూడా కొందరు ఆడవాళ్లు పైసా తీసుకోకుండా వాటిలో కూర్చున్నారు, ఒకరిద్దరు మాట్లాడారు. ఇప్పుడు అట్లాంటి మీటింగుకే మళ్లీ పేర్లు ఇద్దామని సంఘంలో సగం మంది, ఆ టైమేదో ఊళ్లో పనికి పెడదామని సగం మంది. నిజంగా ఫాయిదా ఉందా?

దేవరకొండ_శ్రీను
లేదు. లాక్‌డౌన్‌లో పుణె, ముంబై నుంచి మన పాలమూరోళ్లు, దేవరకొండ తండాల వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని నడిచి వస్తుంటే నీళ్లిచ్చినవాళ్లు కావాలి కానీ, ఫోన్ ముందు కూర్చుని ఎక్కడో ఉన్న రాయబారులకు చెప్పుకున్నవాళ్లు కాదు. ఆ సమావేశం చివర ఒక కాగితం వస్తుంది, దాన్ని పాటించాలని ఏ దేశానికీ చట్టబద్ధంగా బలవంతం లేదు. అది చదివి మన ఊళ్లో ఎవరి మీద చెయ్యి లేవకుండా ఆగింది?

నారాయణపేట_మగ్గం
న్యూయార్క్‌లో పొద్దున పది గంటలకు మొదలైతే మనకు రాత్రి ఏడున్నర. ఆ టైములో ఏ ఇంట్లో ఆడమనిషికి ఫోన్ దొరుకుతుంది? వంట ఎవరు చేస్తారు?

పాలమూరు_టీచరమ్మ
నేను అప్పుడు కూర్చున్నవాళ్లలో ఒకదాన్ని, కాబట్టి నేనే చెప్తాను. నీళ్లిచ్చినవాళ్లు వేరు, మీటింగుల్లో మాట్లాడినవాళ్లు వేరు అనుకోవడమే పొరపాటు. జడ్చర్ల దగ్గర హైవే మీద అన్నం పొట్లాలు పంచింది మేమే, మాస్కులు కుట్టించింది మేమే. మామూలు రోజుల్లో ఆ న్యూయార్క్ సమావేశానికి పోవాలంటే వీసా కావాలి, విమానం టికెట్ కావాలి, సమితి గుర్తించిన సంస్థ నుంచి పాస్ కావాలి. ఢిల్లీ, ముంబై సంస్థల వాళ్లే మనందరి తరఫున పోయి వచ్చేవాళ్లు. అన్నేళ్లలో మొదటిసారి మహబూబ్‌నగర్‌లో ఇంట్లో కూర్చుని, వలసపోయిన ఇంటి ఆడమనిషి పరిస్థితి ఏందో మన నోటితో మనం చెప్పగలిగాం. 2020 ఏప్రిల్ 5న ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్, యుద్ధాలే కాదు ఇళ్లల్లో హింస కూడా ఆగాలని ప్రపంచ దేశాలకు పిలుపునిచ్చాడు. ఊరికే ఇచ్చాడా? లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి దేశదేశాల్లో హెల్ప్‌లైన్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ఫోన్లు పెరిగాయని మొత్తుకుంటే ఇచ్చాడు. అదే నెలలో మన జాతీయ మహిళా కమిషన్ ఫిర్యాదులకు వాట్సాప్ నంబరు పెట్టింది. కాగితానికి బలవంతం లేదని శ్రీను అంటున్నాడు, కానీ కాగితం లేకుంటే అధికారి ముందు ఏం పట్టుకుని నిలబడతాం?

నారాయణపేట_మగ్గం
ఏడున్నర సంగతి చెప్పలేదు మీరు.

పాలమూరు_టీచరమ్మ
అందుకే చాలామంది చెప్పాల్సిన మాటలు ముందే రికార్డు చేసి పంపారమ్మా. చేయగలిగినవాళ్లు రాత్రి కూర్చున్నారు.

నారాయణపేట_మగ్గం
చేయగలిగినవాళ్లు అంటే ఇంట్లో వంటకు ఇంకో మనిషి ఉన్నవాళ్లే కదా. నేను పొద్దంతా మగ్గం మీద ఉంటా, సాయంత్రం పొయ్యి దగ్గర. ఇంట్లో కూర్చుని పనిచేసే మా అసోంటోళ్ల గురించి 1996లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం చేసింది. దానికోసం కొట్లాడినవాళ్లలో మన దేశపు ఆడకూలీల సంఘాలు ఉన్నాయి. మన దేశం ఇంతవరకు దాన్ని ఆమోదించలేదు. ఇది నాకు ఎవరో మీటింగులో చెప్తే తెలిసింది, తెలిసినందుకు కూలి రూపాయి పెరగలేదు.

గద్వాల_వకీలు
ఆమోదించని ఒప్పందాల లెక్క తీస్తే ఇంకా ఉన్నాయి. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల గురించి 2011లో వచ్చింది, పనిచోట వేధింపుల మీద 2019లో వచ్చింది, రెండూ మన దేశం ఆమోదించలేదు. కానీ ఆమోదించినదాని బలం కూడా చూడండి. ఆడవాళ్ల మీద వివక్ష పోవాలనే ఒప్పందం 1979లో వచ్చింది, మనం 1993లో ఆమోదించాం. 1997లో విశాఖ కేసులో (విశాఖ అంటే ఊరు కాదు, కేసు వేసిన మహిళా సంస్థ పేరు) సుప్రీంకోర్టు ఆ ఒప్పందాన్ని ఆధారంగా చూపి మార్గదర్శకాలు ఇచ్చింది, ఎందుకంటే పనిచోట వేధింపుల మీద అప్పటికి దేశంలో చట్టమే లేదు. 2013లో చట్టం వచ్చింది. ఇవాళ పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైనా, ఇళ్లల్లో పనికి పోయే ఆమె అయినా జిల్లాలో స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. నేనే రాయించి ఇప్పించాను. కాబట్టి ఎక్కడో రాసుకున్న కాగితం అని కొట్టిపారేయొద్దు.

జడ్చర్ల_పోరడు
మంచిగ చెప్పినవ్ అన్నా.

నల్గొండ_ఆశ
వకీలు సార్, ఆ కేసు ఎవరి వల్ల వచ్చిందో కూడా చెప్పండి. రాజస్థాన్‌లో భన్వరీ దేవి, ఊళ్లో ప్రభుత్వ కార్యక్రమం కింద కొద్దిపాటి గౌరవ వేతనానికి పనిచేసే మనిషి. బాల్యవివాహం ఆపబోతే 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితుల మీద అత్యాచారం కేసు కొట్టేసింది. దేశానికంతా చట్టం వచ్చింది, ఆమెకు మాత్రం న్యాయం రాలేదు. నేను ఆశా వర్కర్‌ను, నాకు ఈ కథ బాగా అర్థమైతది. 2005లో పథకం పెట్టినప్పటి నుంచి మమ్మల్ని స్వచ్ఛంద కార్యకర్తలనే అంటారు, ఉద్యోగులు అనరు. చేసిన పనికి ఇంత అని పారితోషికం. కరోనాలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరం, ఎవరు బయటి నుంచి వచ్చారు అని రాస్తుంటే, మా మొఖం మీదనే తలుపులు వేసిన ఇళ్లున్నాయి. దానికి కేంద్రం అదనంగా ఇచ్చింది నెలకు వెయ్యి రూపాయలు. 2020 ఆగస్టులో దేశంలో దాదాపు ఆరు లక్షల మంది ఆశాలు సమ్మె చేశారు, మాస్కులు ఇయ్యండి, సరిగ్గా జీతం ఇయ్యండి అని. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మంది ఆశాలకు అవార్డు ప్రకటించింది. ఆ రోజు ఫోన్లో అందరూ కంగ్రాట్స్ పెట్టారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషానికి కాదు. పైసలు తీసుకోకుండా పనిచేయడం గొప్ప అని మీరు చెప్పినప్పుడల్లా మా జీతం అడిగే నోరు మూతపడుతుంది టీచరమ్మా.

పాలమూరు_టీచరమ్మ
ఆశా అక్కా, మీ జీతం గురించి ఆ మీటింగులో నేనే చెప్పాను. మీకు వ్యతిరేకంగా నేనెందుకుంటాను? నేను పింఛను మీద బతికేదాన్ని కాబట్టి ఉత్తగా చేయగలిగాను, అది నిజమే. కానీ పింఛను ఉన్నవాళ్లు కూడా ఇంట్లో సీరియల్ చూస్తూ కూర్చుంటే మీ మాట అక్కడికి ఎవరు మోస్తారు? ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆన్‌లైన్ వల్ల లోపలికి పోగలిగాం కానీ అసలు బేరం జరిగే చోటికి కాదు. నేరుగా జరిగే ఏళ్లలో స్వచ్ఛంద మహిళలు వరండాల్లో, క్యాంటీన్ల దగ్గర తమ దేశం ప్రతినిధిని పట్టుకుని, ఈ వాక్యం తీసేయకండి, ఆ మాట చేర్చండి అని వెంటపడేవాళ్లు. 2021లో ఆ వరండానే లేదు. దేశాలు తమలో తాము తెర వెనుక మాట్లాడుకున్నాయి, మేం పక్క గదిలో మాట్లాడుకున్నట్టైంది. అయినా ఆ ఏడాది కమిషన్ ముందున్న విషయమే ప్రజాజీవితంలో మహిళల భాగస్వామ్యం, హింస లేకుండా చేయడం. మన జిల్లా నుంచి ఒక్క గొంతు కూడా వినపడకపోతే మనమే ఓడినట్టు.

కోస్గి_వలస
మా అమ్మ ముంబైల అడ్డా కూలి. ఆమెకు ఈ మీటింగు గురించి అప్పుడూ తెల్వదు ఇప్పుడూ తెల్వదు.

దేవరకొండ_శ్రీను
ఇంత రాశారు కదా టీచరమ్మా. మన గొంతు, మన నోరు అంటున్నారు. ఎవరి గొంతు? మీటింగులో మీరు చెప్పిన ఆ వలస కుటుంబం ఆడమనిషి ఎవరో నాకు తెలుసు. మా అక్క.

పాలమూరు_టీచరమ్మ
పేరు ఎక్కడా చెప్పలేదు తమ్ముడూ. ఊరు కూడా చెప్పలేదు.

దేవరకొండ_శ్రీను
పేరు చెప్పకపోతే ఏంది? పుణె నుంచి ఏ నెలలో వచ్చారో చెప్పారు, ముగ్గురు ఆడపిల్లలని చెప్పారు, బావ ఏ పని చేసేవాడో చెప్పారు, చెయ్యి విరిగిందని చెప్పారు. మా తండాలో ఇంకెవరున్నారు అట్ల? ఆ వీడియో ముక్క ఎవరో వాట్సాప్‌లో పెడితే బావ తమ్ముని ఫోన్‌కే వచ్చింది. దాని తర్వాత అక్క ఆ ఇంట్ల ఏం పడ్డదో ఇక్కడ రాయను. లాక్‌డౌన్‌లో పోలీస్ స్టేషన్‌కు పోతే ఇప్పుడు ఇవన్నీ చూసే టైం లేదన్నారు. మీ సంఘం వాళ్లొచ్చి బియ్యం ఇచ్చి, బాధ విని, రాసుకుని పోయారు. బియ్యం ఇచ్చినందుకు ఇప్పటికీ మర్యాదనే నాకు. కానీ రాసుకున్నది ఏడికి పోతదో ఆమెకు చెప్పలేదు. ఐక్యరాజ్య సమితి ఉండాలా వద్దా అని నేను ఎప్పుడూ కొట్లాడలేదు. మా అక్క బాధ మా అక్కను అడగకుండా ఎందుకు తీసుకపోయినరు అనేదే నా కొట్లాట.

జడ్చర్ల_పోరడు
అయ్యో అన్నా.

గద్వాల_వకీలు
2005 గృహహింస చట్టం కింద జిల్లాలో రక్షణ అధికారి ఉంటారు, ఇప్పుడైనా దరఖాస్తు ఇవ్వొచ్చు. హింస పడ్డ ఆడవాళ్లకు సఖి కేంద్రం ఉంది, 181 హెల్ప్‌లైన్ ఉంది.

దేవరకొండ_శ్రీను
సార్, నేను అడిగింది అది కాదు.

నల్గొండ_ఆశ
ఇప్పుడొచ్చింది అసలు మాట. మేం కూడా ఇంటింటికీ పోయి రాసుకుంటాం, కానీ అది రిజిస్టర్‌లో ఉంటది, ఎవరన్నా బయటపెడితే మమ్మల్ని అడిగేవాళ్లు ఉన్నారు. జీతం లేని మనిషిని ఎవరు అడుగుతారు? పైసలు తీసుకోలేదు కదా అని అందరూ మెచ్చుకుంటారే కానీ, లెక్క చెప్పు అని ఎవరూ అనరు.

పాలమూరు_టీచరమ్మ
నన్ను అడగొచ్చు, అందుకే ఇక్కడ ఉన్నాను. శ్రీనూ, ఆ వీడియోను ఊళ్లల్లోకి వదిలింది నేను కాదు, అది మీటింగు పెట్టినవాళ్ల దగ్గర ఉంది. తీసేయమని ఇవాళ రాత్రే మెయిల్ పెడతాను. అక్క దగ్గరికి వస్తాను, రమ్మంటేనే. కానీ ఒకటి మాత్రం నేను ఒప్పుకోను. అడగకుండా చెప్పొద్దు అంటే సరే. అసలు చెప్పొద్దు అంటే మాత్రం కాదు. కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో మూడో వంతు కంటే ఎక్కువ మంది భర్త చేతిలో దెబ్బలు, వేధింపులు పడ్డామని చెప్పారు. ఆ అంకె చదివితే ఏ ప్రతినిధీ తలెత్తి చూడడు. మనిషి సంగతి చెప్తేనే చూస్తాడు.

దేవరకొండ_శ్రీను
మనిషి సంగతి మనిషే చెప్పాలి. మా అక్కకు తెలుగు వచ్చు, లంబాడీ వచ్చు. ఇంగ్లీషులోకి మార్చే మనిషిని పెట్టండి, ఆ రోజు కూలి ఇయ్యండి, బావ లేని చోట కూర్చోబెట్టండి. చెప్తా అంటే చెప్తది, వద్దంటే లేదు.

నారాయణపేట_మగ్గం
ఏడున్నరకు కాకుండా.

మక్తల్_మాధవి
ఆదివారం సంఘం మీటింగుంది. పేర్లు ఇచ్చే సంగతి పక్కన పెట్టి, ముందు రాసుకునేటప్పుడు ఎవరిని ఏమడగాలి అనేది మాట్లాడదామని పెడతాను. కూలి సంగతి కూడా. ఆశా అక్కా, మీరు రాగలరా?

నల్గొండ_ఆశ
బస్సు చార్జీ ఇస్తే వస్తా.

దేవరకొండ_శ్రీను
టీచరమ్మా, మెయిల్ పెట్టినాక కాపీ నాకు పంపండి. మిగతాది తర్వాత మాట్లాడదాం.