అగాథా క్రిస్టీ 66 నవలలు: వచ్చిన వరసలోనే చదవాలా, దొరికింది చదవొచ్చా?

రైలు కిటికీ:
ఇప్పటికి ఇంగ్లిష్ రచయిత్రి అగాథా క్రిస్టీ నవలలు మూడు చదివాను. ఇక మొత్తం 66 డిటెక్టివ్ నవలలూ పూర్తి చేద్దామని కూర్చున్నాను. మా అన్నయ్యేమో "ఏ కథకా కథ విడిగా ఉంటుంది, చేతికందింది చదువు" అంటాడు. నాకు మాత్రం 1920 నుంచి వరసగా వెళ్లాలని ఉంది. మీరేమంటారు? దయచేసి హంతకుల పేర్లు మాత్రం చెప్పకండి.

కొసమెరుపు:
మీ అన్నయ్య చెప్పిందే కరెక్టండీ. ఇది సీరియల్ కాదు కదా. 1939లో వచ్చిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్'లో ఆవిడ పేరున్న డిటెక్టివ్‌లు పాయిరో, మిస్ మార్పుల్ ఇద్దరూ లేరు. దాన్ని ఎప్పుడు చదివితే ఏం? పైగా వరస పట్టుకుని కూర్చుంటే 1927 నాటి 'ది బిగ్ ఫోర్' దగ్గరే నీరసం వచ్చేస్తుంది. మంచివి ఓ పదిహేను ఏరుకోండి, చాలు.

పాతపుస్తకం:
ఈ విషయంలో నేను దెబ్బ తిన్నదాన్ని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. దొరికింది దొరికినట్టు చదివే రోజుల్లో హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 'కార్డ్స్ ఆన్ ది టేబుల్' కొన్నాను. రాత్రి పన్నెండు దాటింది, కథ మంచి పట్టులో ఉంది. పాయిరో తన ఇంటికొచ్చిన వాళ్లతో ఒక కత్తి గురించి చెబుతాడు, రైలు కంపెనీ వాళ్లు జ్ఞాపకంగా ఇచ్చారని. ఆ ఒక్క మాటతో 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' ముడి మొత్తం విప్పేశాడు. నేనింకా అది చదవనే లేదు! అది 1934లో వచ్చింది, ఇది 1936లో. వరసలో వచ్చినవాళ్లు ఆ మాట దగ్గర నవ్వుకుంటారు. నాకు మాత్రం ఒక నవల చేజారిపోయింది, మళ్లీ దొరకదు. 1937 నాటి 'డంబ్ విట్‌నెస్' ఇంకా అన్యాయం. అందులో పాత కేసుల హంతకుల పేర్లు నాలుగు ఒకేచోట చెప్పేస్తాడు. విడి కథలే అనుకునేవాళ్లు ఆ రెండు పుస్తకాలూ ముందు చూడాలి.

ఇంకోటి, మనుషుల వయసు. ఆవిడ ఇంకో డిటెక్టివ్ జంట టామీ, టప్పెన్స్ 1922లో చేతిలో డబ్బు ఆడని కుర్రవాళ్లు. 1973లో 'పోస్టర్న్ ఆఫ్ ఫేట్' నాటికి మనవలున్న ముసలి దంపతులు. మొదటి నవల 'ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్'లో పాయిరో, అతని స్నేహితుడు హేస్టింగ్స్ కలిసి కేసు తేల్చింది స్టైల్స్ అనే ఇంట్లో. 1975లో 'కర్టెన్' మళ్లీ అదే ఇంట్లో మొదలవుతుంది. ఆ ఇల్లు ఇప్పుడు డబ్బు తీసుకుని బస ఇచ్చే చోటు, పాయిరో చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఆ పేజీలు చదివి పుస్తకం మూసి చాలాసేపు బాల్కనీలో కూర్చున్నాను. మధ్యలో నవలలన్నీ చదవకుండా నేరుగా అక్కడికి వెళ్లి ఉంటే నాకంత బాధ కలిగేది కాదు.

'బిగ్ ఫోర్' బలహీనమన్నది ఒప్పుకుంటాను, అది పత్రికలో వచ్చిన పాత కథలను అతికించిన పుస్తకం. కానీ అది తయారైంది 1926లో. ఆ ఏడాదే క్రిస్టీ తల్లి పోయారు, భర్త విడాకులు అడిగాడు. డిసెంబరులో క్రిస్టీ 11 రోజులు కనిపించకుండా పోయి హారోగేట్ అనే ఊళ్లో ఒక హోటల్లో దొరికారు. ఇది తెలిశాక ఆ పుస్తకాన్ని దాటేసి వెళ్లాలనిపించలేదు.

కొసమెరుపు:
కత్తి సంగతి నాకు తట్టలేదు, ఆ రెండు నవలల వరకు మీ మాటే. కానీ మీ వరస ఏ వరస? 'కర్టెన్', 'స్లీపింగ్ మర్డర్' రెండూ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాసి దాచినవి. 1971లో 'నెమెసిస్' నాటికి మార్పుల్ బాగా నీరసించిపోయింది. 1976లో అచ్చయిన 'స్లీపింగ్ మర్డర్'లోనేమో చకచకా తిరుగుతుంది. అచ్చయిన వరసలో వెళ్తే ఇది ఎదురవుతుంది కదా?

పాతపుస్తకం:
అవునండీ, అది నిజం. 'స్లీపింగ్ మర్డర్'ను 1940ల నవలల మధ్యకు జరుపుకోవచ్చు, నష్టం లేదు. 'కర్టెన్'ను మాత్రం కదపొద్దు. ముప్పై ఏళ్లకు పైగా దాచి ఉంచింది అది పాయిరో ఆఖరి కేసు కాబట్టే.

రైలు కిటికీ గారూ, మొదటి నవలలో విషం గురించి వచ్చే చోట తొందరపడకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లోని టోర్కీ అనే ఊరి ఆసుపత్రిలో మందులు కలిపే పని చేస్తూ నేర్చుకున్నదంతా ఆవిడ అందులో పెట్టారు.

రైలు కిటికీ:
ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నేనూ చదవలేదండీ, చాలా థ్యాంక్స్. అన్నయ్య నిన్న నా చేతిలో పెట్టిన పుస్తకం 'డంబ్ విట్‌నెస్'. ఇప్పుడే తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టి వచ్చాను. రాత్రికి స్టైల్స్ మొదలుపెడుతున్నాను.