"మిత్రవదాగమః": ప్లాటినం పొడికి ఈ మాట నప్పుతుందా?

తలకట్టు: ఒక పాత మాట సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. "మిత్రవతాగమః..." తర్వాతేమిటి? ఇట్రియం–బేరియం–రాగి ఆక్సైడ్‌ను కరిగించి, నిదానంగా చల్లార్చి చేసే అతివాహక (నిరోధం లేకుండా విద్యుత్తు మోసే) దిమ్మల గురించి రాస్తున్నాను. అందులో చిటికెడు కలిపే ప్లాటినం, సీరియం ఆక్సైడ్‌లను "ఆగమాలు" అనొచ్చా? "సంకలితం" అంటే కూడికల లెక్కలా ఉంది.

విసర్గ: "శత్రువదాదేశః". ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా ఉన్న అక్షరాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. మీది "వతా" కాదు, "వదా". తకారం దకారమయ్యే జశ్త్వ సంధి మరిచారు.

అరసున్న: ఆగమం కుదరదండీ. "మాయమ్మ"లో యకారం ఎవరినీ కదల్చకుండా మధ్యన నిలబడుతుంది. సీరియం ఆక్సైడ్ అలా ఊరుకుంటుందా? కరుగులోని బేరియంను పట్టుకుని బేరియం సీరేట్ అయిపోతుంది. మిత్రుడి పనేనా ఇది?

తలకట్టు: 123 (ఇట్రియం, బేరియం, రాగి 1:2:3 పాళ్ళలో ఉన్న అతివాహకం) స్ఫటికంలో ఎవరి చోటూ లాక్కోదుగా! సుమారు 1010 డిగ్రీల సెల్సియస్ దాటాక 123 విడిపోయి పచ్చని 211 (అవే మూలకాలు 2:1:1 పాళ్ళలో) రేణువులూ, బేరియం–రాగి కరుగూ అవుతుంది. చల్లారేటప్పుడు ఆ రెండూ కలిసి మళ్ళీ 123. మిగిలిన 211 లోపలే చిక్కుకుంటుంది. వాటి మానాన వదిలేస్తే చిన్న రేణువులు కరిగి పెద్దవాటిని ఇంకా పెంచుతాయి. బరువులో అర శాతం ప్లాటినం వేస్తే చాలు, ఆ పెరుగుదల మందగిస్తుంది. రేణువులు సన్నవైతే 211–123 సరిహద్దులు ఎక్కువ, దిమ్మలోకి చొచ్చుకొచ్చే అయస్కాంత క్షేత్రపు సుడులు అక్కడే ఆగిపోతాయి; అవి కదిలితేనే నష్టం. 77 కెల్విన్ దగ్గర కూడా దిమ్మ నష్టం లేకుండా మోయగల విద్యుత్తు పెరుగుతుంది.

విసర్గ: అసలు ఆదేశమంటే రాగి స్థానంలోకి జింక్ రావడం. గసడదవాదేశంలో కకారం పోయి గకారం వచ్చినట్టు. అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత దబ్బున పడిపోతుంది. శత్రువే, సందేహం లేదు.

కందప్రియ: అంత తొందరేల మాస్టారూ? జింక్ మరీ కొద్దిగా ఉంటే ఆ చోట్లూ సుడులను ఆపుతాయి. ఇంకో సంగతి. "మిత్రవత్"లో తకారం పోయి దకారం వచ్చిందిగా, అది ఆదేశమే. మిత్రుణ్ణి పొగిడే మాటలోనే శత్రువు కూర్చున్నాడు!

విసర్గ: చమత్కారం బాగుంది, శాస్త్రం కాదు. "వత్" అంటే "వలె", అంతే. మిత్రుడని ఎవరూ అనలేదు.

అరసున్న: వెండి సంగతి ఎవరూ ఎత్తరేం? రంధ్రాల్లో, పగుళ్ళలో చేరి దిమ్మను గట్టిపరుస్తుంది. 123 విడిపోయే ఉష్ణోగ్రతనూ దించుతుంది. నా దృష్టిలో అది ఆగమమూ కాదు, ఆదేశమూ కాదు. పాదపూరణం.

కందప్రియ: పాదపూరణమంటే అంత చులకనా? గణం నిండడానికి వేసిన "సుమీ" ఒక్కోసారి పద్యం గొంతునే మార్చేస్తుంది. దిమ్మలో బంధించిన అయస్కాంత క్షేత్రం పెరిగేకొద్దీ ఆ ఒత్తిడికి దిమ్మే చిట్లిపోతుంది. 2014లో ఇట్రియం బదులు గడోలినియం ఉన్న దిమ్మల జంటలో 26 కెల్విన్ దగ్గర 17.6 టెస్లా క్షేత్రం నిలిపారు. బయట ఉక్కు పట్టీ ఉంది సరే, లోపల వెండీ ఉంది.

తలకట్టు: అయితే శీర్షికలో "ఆగమం" ఉంచనా, తీసెయ్యనా?

విసర్గ: ఆగండి, ముందు ఈ "సుమీ" తేలాలి. "చుమీ" నుంచి వచ్చిందంటే అదీ ఆదేశమే.

కందప్రియ: రెండూ పద్యాల్లో ఉన్నవే. ఏది ముందో మీరెలా చెప్తారు?