వామపక్షం, మితవాదం: ఈ పేర్లకు అసలు అర్థమేమిటి?

ప్రశ్న (గాజువాక నుంచి): కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికుల దీక్షా శిబిరం ముందు నిలబడి, ప్రభుత్వ సంస్థను అమ్మవద్దనేవారంతా వామపక్షీయులేనని మా బావగారు అన్నారు. ఆ మాట సరైనదేనా? అసలు ఈ కుడి, ఎడమల పేర్లు ఎలా వచ్చాయి?

జవాబు: కూర్చున్న చోటును బట్టి వచ్చాయండీ. 1789లో ఫ్రాన్సు జాతీయ సభలో, చట్టాలను తోసిపుచ్చే అధికారం రాజుకు ఉండాలా వద్దా అని వాదించుకున్నప్పుడు, ఉండాలన్నవారు సభాధ్యక్షుడికి కుడివైపున, కూడదన్నవారు ఎడమవైపున చేరారు.

ఇక మీ బావగారి మాటతో నేను ఏకీభవించలేను. ప్రభుత్వ సంస్థల అమ్మకాన్ని ఆర్‌ఎస్‌ఎస్ అనుబంధ కార్మిక సంఘమైన భారతీయ మజ్దూర్ సంఘ్ కూడా వ్యతిరేకిస్తుంది. దానిని వామపక్షమని ఎవరూ అనరు. ఆర్థిక విధానంలో ఒక వైపు, మతం, సంప్రదాయాల విషయంలో మరో వైపు నిలిచేవారు మన మధ్యనే ఎందరో ఉన్నారు. రైతు నాయకుడు ఎన్.జి. రంగా అధ్యక్షుడిగా 1959లో మొదలైన స్వతంత్ర పార్టీకి కుడిపక్షమన్న పేరు ముఖ్యంగా, ప్రభుత్వ జోక్యం తగ్గాలన్న దాని ఆర్థిక విధానం వల్లనే వచ్చింది.

తెలుగులో మరో చిక్కు ఉంది. జాతీయోద్యమంలో మెల్లగా, చట్టబద్ధంగా సాగాలన్న గోఖలే వర్గాన్ని మితవాదులన్నాం. పత్రికలు కుడిపక్షానికీ అదే మాట వాడుతున్నాయి. అందుకే నేను కుడిపక్షమనే రాస్తాను.