33 మ్యాచ్‌లూ జైపూర్‌లోనే ఆడితే అది లీగ్ ఎలా అవుతుంది?

తణుకు_తమ్ముడు: 2023 జూన్‌లో జరిగిన ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ గురించి. ఆరు జట్లు, 8 నుంచి 25 దాకా అన్ని మ్యాచ్‌లూ జైపూర్ ఇండోర్ స్టేడియంలోనే. మన పేరు పెట్టుకున్న తెలుగు టాలన్స్ తెలుగు నేల మీద ఒక్క ఆటా ఆడలేదు. 18 రోజుల టోర్నమెంటు అనండి, సరిపోతుంది.

విజిల్_మాష్టారు: లెక్క చూడండి తమ్ముడూ. ఒక్కో జట్టు మిగతా అయిదింటితో రెండేసి సార్లు ఆడింది, అవి 30. రెండు సెమీస్, ఒక ఫైనల్. అందరూ అందరితో ఆడితే దాన్ని లీగ్ పద్ధతే అంటారు. ఊరితో పనేముంది?

తణుకు_తమ్ముడు: జర్మనీలో హ్యాండ్‌బాల్ లీగ్‌ని 1966లో ఉత్తర, దక్షిణ గ్రూపులతో మొదలుపెట్టి 1977లో ఒక్కటి చేశారు. ఇప్పుడు 18 జట్లు, ఒక్కోదానికి 34 మ్యాచ్‌లు, సగం సొంతూళ్లో. ఫైనలే ఉండదు, పట్టికలో పైనున్నవాడే ఛాంపియన్. అదండీ లీగంటే.

భీమవరం_రాజు: వాళ్లకి మనలా రొయ్యల చెరువుల గోల లేదుగా, తీరిగ్గా ఆడుకుంటారు.

విజిల్_మాష్టారు: మనకి ఫైనల్ ఉంటే తప్పేంటి? మహారాష్ట్ర ఐరన్‌మెన్ 38-24తో యూపీని చిత్తుచేసింది, జనం చూశారు.

కోనసీమ_కోడలు: టీవీలో చూడటం వేరండీ. కబడ్డీ లీగ్ వైజాగ్ వచ్చినప్పుడు మా అత్తగారు కూడా లేచి అరిచారు.

తణుకు_తమ్ముడు: మాష్టారూ, మీరు ‘లీగ్’ అన్న మాట పట్టుకుని వేలాడుతున్నారు.

విజిల్_మాష్టారు: ముందు పట్టుకుంది ఎవరండీ? పైన మీరే పెట్టిన ప్రశ్న చదువుకోండి.

తణుకు_తమ్ముడు: సరే, అసలు సంగతి చెప్తా. మా తమ్ముడు జిల్లా హ్యాండ్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. ఫైలు నిండా సర్టిఫికెట్లు. స్పోర్ట్స్ కోటాకి పట్టుకెళ్తే ఇవి చెల్లవన్నారు. ఇప్పుడు కువైట్‌లో డ్రైవరు. టాలన్స్ రాజమండ్రి వచ్చి రెండు మ్యాచ్‌లు ఆడుంటే వాణ్ణి ఎవరో ఒకరు చూసేవారు కాదా?

విజిల్_మాష్టారు: చూసి ఏం చేస్తారండీ? ఏటా వానలయ్యాక మా స్కూల్లో కోర్టు గీసేది నేనే. గోల్ ముందుండే గీత కోసం ఒక స్తంభం దగ్గర మేకు దిగ్గొట్టి, ఆరు మీటర్ల కొబ్బరితాడు కట్టి పావు చుట్టు తిప్పుతా. రెండో స్తంభం దగ్గరా అంతే. మధ్యలో మూడు మీటర్లు తిన్నగా సున్నం పోస్తా. కోర్టు 40 మీటర్లుండాలి, మాకు 32 దగ్గరే కొబ్బరిచెట్టు అడ్డం. బంతులు రెండు, ఒకదానికి గాలి నిలవదు. మీకు లీగ్ రావాలి, నాకు బంతులు రావాలి.

తణుకు_తమ్ముడు: బంతులిస్తే పిల్లలు తయారవుతారు, ఒప్పుకుంటా. తయారై ఎక్కడికెళ్తారు, కువైట్‌కేనా?

విజిల్_మాష్టారు: మీ తమ్ముడికి కనీసం కోర్టన్నా దొరికింది. నా పిల్లలకి అదీ సగమే.

భీమవరం_రాజు: మాష్టారూ, బంతి ఏ సైజు?

విజిల్_మాష్టారు: రెండో నంబరండీ. మూడోది పెద్ద మగవాళ్లది.

భీమవరం_రాజు: వచ్చేవారం రొయ్యల పట్టుబడి ఉంది. వంద కౌంటు (కిలోకి వంద తూగేవి) రేటు చూసి చెప్తా.