రాత్రిపూట వైద్యం: దేవరకొండ లెక్కను నెదర్లాండ్స్‌తో ఎట్లా పోల్చాలి?

ప్రజారోగ్య గణాంకాలు తెలిసినవాళ్లు దారి చెప్పండి. దేవరకొండ, అచ్చంపేట చుట్టుపక్కల పీహెచ్‌సీల్లో ఓపీ మూసినంక వచ్చే కేసులను నెదర్లాండ్స్‌తో పోల్చాలి.

అక్కడ సాయంత్రం 5 నుంచి పొద్దున 8 దాకా, శని, ఆదివారాలు పూర్తిగా, ఫ్యామిలీ డాక్టర్ల సహకార కేంద్రాలు చూస్తయి. ముందు ఫోన్ చేయాలె. అవసరం ఎంత తొందరదో యూ0 (అన్నిటికన్నా తొందర) నుంచి యూ5 (తొందర లేనిది) దాకా తేల్చి, ఫోన్‌లోనే సలహా ఇస్తరు, లేదా కేంద్రానికి రమ్మంటరు, లేదా ఇంటికే వస్తరు. సలహాతో ముగిసిన ఫోను కూడా వాళ్లకు ఒక కేసే.

మన రిజిస్టర్‌లో మనిషి వస్తేనే పేరు ఎక్కుతది. రాత్రి జ్వరమొస్తే చాలామంది ఊళ్లె ఆర్‌ఎంపీ దగ్గరికే పోతరు. కాన్పు, పాముకాటు అయితే 108లో నేరుగా పెద్దాసుపత్రికి. రిజిస్టర్ ఒక్కటే నమ్మితే మనోళ్లకు రాత్రి జబ్బులే రావన్నట్టు తేలుతది!

అందుకే ఫోన్ సలహాలు తీసేసి, ముఖాముఖి కేసులనే 1000 జనాభాకు ఏడాది లెక్కన, రెండుచోట్ల వయసుల తేడా లెక్కను తప్పుదారి పట్టించకుండ సర్దుబాటు చేసి చూడాలని ఆలోచన. ఆర్‌ఎంపీ వాటా కోసం ఇంటింటి సర్వేలో గడిచిన 14 రోజుల జబ్బులు అడగాల్నా, 30 రోజులవా? నెల దాటితే చిన్న జ్వరాలు గుర్తుండవు. 14 అయితే దొరికే కేసులు తక్కువ, శాంపిల్ పెంచాలె. ఇంకోటి, పాలమూరు వైపు నుంచి వలస పోయినోళ్లను జనాభాలోంచి నెలవారీగా తీసెయ్యాల్నా?