తాత జీవితంలో మంచి రోజులు, చెడ్డ రోజులు రికార్డ్ చేయాలి. ఎలా అడగాలి?

చాదర్‌ఘాట్_మనవడు:
మా తాతకు 88. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లోనే. "నీ జీవితంలో గొప్ప క్షణం ఏది తాతా?" అంటే "అంతా దేవుడి దయ బిడ్డా" అని ముగించేస్తున్నాడు. ఎలా అడగాలి? ఫోన్ సరిపోతుందా? తేదీలు గుర్తులేవంటాడు, వాటి సంగతేంటి?

పాతట్రంకు:
ఆ ప్రశ్నతోనే చిక్కు. "గొప్ప క్షణం" అంటే పెద్దాయన ఎనభై ఏళ్లనూ తూకం వేయాలి, ఎదురుగా ఉన్న మనవడు నొచ్చుకోకుండా చెప్పాలి కూడా. అందుకే మధ్యలోకి దేవుడొస్తాడు.

చిన్న విషయంతో మొదలుపెట్టు. "మొదటి జీతం ఎంత? నోట్లు చేతికిచ్చారా, కవర్లోనా? ఇంటికొచ్చే దారిలో ఏం కొన్నావ్?" మూడోదాని దగ్గర మాట ఊపందుకుంటుంది. ఒకే ఒక్క పాత ఫొటో చేతిలో పెట్టు. ఆల్బమ్ ఇస్తే ఎవరెవరో పేర్లు చెప్పడానికే గంట సరిపోతుంది.

పెద్దవయసులో ఎక్కువగా గుర్తొచ్చేవి పదేళ్లకూ ముప్పైకీ మధ్య జరిగినవేనని జ్ఞాపకశక్తి పరిశోధనల్లో పదేపదే తేలింది. మీ తాతకు అది సుమారు 1947 నుంచి 1967. ముందు అక్కడ తవ్వు. చిన్నప్పటి డబ్బు లెక్క చెప్తే "హాలీయా, కల్దారా?" అని అడుగు. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లు. ఆ ఒక్క మాటకే సగం బజారు గుర్తొస్తుంది.

మైక్_టేబుల్:
ఫోన్ చాలు. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి. కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, ఆగిందని గంట తర్వాత గానీ తెలీదు. మడతపెట్టిన తువ్వాలు మీద, నోటికి జానెడు, జానెడున్నర దూరంలో, కాస్త పక్కకు పెట్టు. ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడల్లా గాలి కొడుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కాబట్టి పొద్దున ఏడింటికే కూర్చోండి. కుక్కర్ పెట్టే వేళ వద్దు.

మోనో, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ (కుదించని) ఫైల్ గంటకు దాదాపు 345 ఎంబీ. స్థలం లేకపోతే 128 కేబీపీఎస్ ఎం4ఏ (కుదించిన ఫైల్), అది 58 ఎంబీ దాకా. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం తీయకు, గొంతు నలిగిపోతుంది. ముందు రెండు నిమిషాలు తీసి ఇయర్‌ఫోన్‌లో విను.

ఒక విడత 40 నిమిషాలు. ఆపైన గొంతు తడారుతుంది, చెప్పిందే చెప్తారు.

ఫసలీ_లెక్క:
తేదీ అడగొద్దు, "దానికి ముందా, తర్వాతా?" అని అడుగు. ఇక్కడివాళ్లకు గట్టి గుర్తులున్నాయి. హైదరాబాద్‌లోకి భారత సైన్యం వచ్చిన పోలీసు చర్య (1948 సెప్టెంబర్), 1969 తెలంగాణ ఉద్యమం, అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందన్న స్కైలాబ్ భయం (1979 జులై), వీధులన్నీ నిర్మానుష్యమైన సూర్యగ్రహణం (1980 ఫిబ్రవరి 16), ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం (1983 జనవరి 9). ఏ సంవత్సరమో తేలాక నెల కోసం బోనాలు, బతుకమ్మ.

నిజాం కాలపు కాగితంలో 1357 అని ఉంటే అది ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సర లెక్క. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 590 కలుపు, నెలను బట్టి 591. జాతకంలో "సర్వధారి" అని ఉంటే 1948–49. అదే పేరు 2008–09లోనూ వచ్చింది, అరవై ఏళ్ల చక్రం కదా.

చెప్తుండగా తేదీ సరిదిద్దకు. ఒక్కసారి సరిదిద్దితే తర్వాతి వాక్యం నుంచి నీ మొహం చూసి చెప్తారు. పక్కన కాగితం మీద రాసుకో.

చాదర్‌ఘాట్_మనవడు:
చెడ్డ రోజుల దగ్గర ఏడిస్తే?

పాతట్రంకు:
ఏడవనీ. నీళ్లు దగ్గర పెట్టి, మనసులో పది లెక్కపెట్టు. "పోనీలే తాతా" అన్నావో ఆ తలుపు మూసుకుపోతుంది. మొదటి విడతలో మాత్రం చెడ్డ సంగతి ఎత్తకు, రెండో మూడో విడత నడుమ వచ్చేలా చూడు. దాంతోనే లేవొద్దు. పదిహేను నిమిషాలు మిగుల్చుకుని తిండి, వీధి, సినిమా టాకీసుల మీదికి మళ్లించి ఆపు. ఆ రాత్రి నిద్ర పట్టిందా అని ఇంట్లో అడుగు. వరసగా రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే ఆపేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఇంకోటి. ఆ ముక్క ఎవరు వినొచ్చో, ఎవరు వినకూడదో అదే రోజు అడుగు, ఆయన జవాబు రికార్డింగ్‌లోనే ఉండాలి. "పిల్లలకు వద్దు" అంటే ఫైల్ పేరులోనే ఆ మాట రాయి. లేకపోతే ఫ్యామిలీ గ్రూపులోకి పోవడానికి ఒక్క వేలు చాలు.