"జూహాచిబన్"కి తెలుగు మాట ఏది? ముప్పై దాటినవాళ్ళకు కరోకేలో ఏ పాట అవుతుంది?

ప్రశ్న (జపాన్‌లోని యొకొహామా నుంచి ఒక సభ్యుడు)

నమస్కారమండీ. ఆఫీసు పార్టీ అయ్యాక మావాళ్ళు కరోకేకి తీసుకెళ్తుంటారు. అందరం ముప్పైల్లో ఉన్నవాళ్ళమే. వాళ్ళు ఎక్కువగా అనిమే, అంటే జపాన్ బొమ్మల సీరియళ్ళ, పాటలే పాడతారు. "మీ జూహాచిబన్ ఏంటి?" అని నన్ను అడుగుతున్నారు. అంటే ఇష్టమైన పాట అనేనా? తెలుగులో దీనికి సరైన మాట ఉందా? నేను ఏ పాట పట్టుకుంటే బాగుంటుందో కూడా చెప్పండి. నా వంతు వస్తోందంటేనే టెన్షన్.

జవాబు

ఇష్టమైన పాట కాదండీ. ఇష్టం మీకూ మీ చెవికీ మధ్య విషయం. జూహాచిబన్ అంటే "ఇది ఈయన పాటే" అని గదిలో ఉన్న మిగతావాళ్ళు ఒప్పుకునేది. మైకు మీ చేతికి రాగానే "ఆ పాటేనా?" అని వాళ్ళే అడగాలి.

మాట పుట్టింది నాటకాల్లో. కబుకీ అనే జపాన్ సంప్రదాయ రంగస్థలంలో ఇచికావా దంజూరో అన్నది తరతరాలుగా వస్తున్న పేరు. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళలో ఏడో ఆయన 1832లో తమ ఇంటికి పేరు తెచ్చిన పద్దెనిమిది నాటకాలను ఏరి ప్రకటించాడు. "షిబరకు", "సుకెరొకు" అందులోవే. జూహాచి అంటే పద్దెనిమిది. క్రమంగా ఎవరికైనా బాగా చేతనైన పనికి ఆ మాట వాడుకలోకి వచ్చింది. వంటకీ, జోకుకీ కూడా అంటారు. అదే రాతను "ఒహాకో" అని కూడా చదువుతారు. ఒహాకో అంటే పెట్టె. ఆ నాటక ప్రతులను పెట్టెలో భద్రంగా దాచేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

మనకు ఇది కొత్తేం కాదు. డి.వి. సుబ్బారావు గారంటే హరిశ్చంద్ర, హరిశ్చంద్ర అంటే కాటిసీను. ఆయన పద్యం ఎత్తుకోగానే జనం వన్స్ మోర్‌కి సిద్ధంగా ఉండేవారు. జూహాచిబన్ అంటే సరిగ్గా అదే.

ఇక తెలుగు మాట. "వెన్నతో పెట్టిన విద్య" అని చాలామందికి తోస్తుంది. అది చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన విద్య, సాధన మాట అందులో వినిపించదు. నా ఓటు "కొట్టినపిండి"కి. పదేపదే దంచితేనే పిండి అవుతుంది. మీ సహోద్యోగులు ఆ పాటలను బళ్ళో చదివే వయసులో టీవీలో విన్నారు కాబట్టి వాళ్ళకు అవి వెన్నతోనే వచ్చాయి. మీకు అలా రాలేదు. మీరు దంచాలి. అందుకే మీకు ఈ మాటే సరిపోతుంది.

పాట ఎంచుకోవడానికి ముందు గదిలో ఉన్నవాళ్ళ వయసు చూడండి. ఇప్పుడు ముప్పైల్లో ఉన్న మగవాళ్ళకు 1990ల చివరి నుంచి 2000ల దాకా వచ్చినవి గుండెల్లో ఉంటాయి. నేనైతే ముందు "బటర్‌ఫ్లై" చెబుతాను. 1999లో డిజిమాన్ అనే అనిమే సీరియల్ కోసం వదా కోజీ పాడింది. 2016లో ఆయన పోయాక ఆ పాటను ఇంకా ప్రేమగా పాడుకుంటున్నారు. మొదలు నెమ్మదిగా ఉంటుంది, ఊపిరి కుదుర్చుకోవచ్చు. అసలు భాగం వచ్చేసరికి గదంతా మీతో కలుస్తుంది. అదే ఏడాది వన్ పీస్‌కి కితదాని హిరోషి పాడిన "వీ ఆర్!" కూడా మంచిదే, కానీ మొదటి నుంచీ హుషారు కావాలి. రోజంతా పనిచేసి అలసిన గొంతుకు అది కష్టం.

జపనీస్ ఇంకా తడబడుతుంటే 1989 నాటి "చా-లా హెడ్-చా-లా" ఉంది. డ్రాగన్ బాల్ జీ కోసం కగెయామా హిరోనొబు పాడింది. పేరులోని ఆ మాటలకు అర్థం వెతకక్కర్లేదు, గట్టిగా అంటే చాలు. మీకంటే పెద్దవాళ్ళు ఉన్న గదిలో ఇది తప్పకుండా పండుతుంది.

ఎవాంగెలియన్ పాట, 1995లో తకహాషి యోకో పాడిన "జంకొకునా తెన్షినో తేజె", తెలియని జపనీయులు అరుదు. అది ఆడగొంతు పాట. రిమోట్‌లో శ్రుతి మార్చే బటన్ ఉంటుంది, ఒక్కో నొక్కుకు అరస్వరం. నాలుగైదు నొక్కులు కిందికి దించి చూడండి, మీకు ఎక్కడ కుదిరితే అక్కడ ఆపండి. శ్రుతి తగ్గించుకుంటే చిన్నతనం అనుకోకండి. గొంతు చిరిగేలా అరిస్తే వినేవాళ్ళకే బాధ.

తెరమీద రాత గురించి ఒక మాట. కంజీల (చైనా నుంచి వచ్చిన జపనీస్ రాత గుర్తుల) పైన చిన్న అక్షరాల్లో ఉచ్చారణ ఇస్తారు. కళ్ళు ఆ చిన్న అక్షరాల మీదే ఉండాలి. "ఉచూ" అంటే విశ్వం అని రాసి, "సోరా" అంటే ఆకాశం అని పాడించే అలవాటు ఈ పాటల్లో బాగా ఉంది. జపనీస్ పరీక్షలు పాసైనవాళ్ళు కూడా అక్కడే దెబ్బతింటారు. ఒకే రాతను జూహాచిబన్ అనీ ఒహాకో అనీ చదివే భాష కదా!

వ్యాఖ్య (గుంటూరు నుంచి)

అన్నా, "అసలు భాగం" అన్నారు. దాన్ని వాళ్ళు "సాబి" అంటారని విన్నాను. అంటే మన పల్లవే కదా?

జవాబు

పల్లవి అనలేను తమ్ముడూ. మన సినిమా పాటలో పల్లవి ముందే వస్తుంది, ప్రతి చరణం తర్వాతా దానికే తిరిగి వస్తాం. వాళ్ళ పాట మామూలుగా "ఏ మెలో", "బీ మెలో" అని రెండు మెట్లు ఎక్కి అప్పుడు సాబికి చేరుతుంది. ఎదురుచూపు ముందు, పొంగు తర్వాత. సాబితోనే మొదలయ్యేవీ ఉన్నాయి, వాటిని "అతామా సాబి" అంటారు. అతామా అంటే తల. ఎవాంగెలియన్ పాట అలాంటిదే, అందుకే మొదటి ముక్కకే గది లేచి కూర్చుంటుంది. వాటికి మాత్రం పల్లవి అంటే నప్పుతుంది.

దీనివల్ల పాడేవాళ్ళకు ఒక చిక్కుంది. టీవీలో వచ్చేది సుమారు నిమిషంన్నర ముక్క. కరోకేలో వచ్చేది నాలుగైదు నిమిషాల పూర్తి పాట. రెండో చరణం వినేవాళ్ళకూ తెలియదు, మీకూ నోరు తిరగదు. ఇంట్లో రెండో చరణాన్నే ఎక్కువగా సాధన చేయండి. కుదరకపోతే మొదటి సాబి అవగానే ఆపేసి మైకు అందించండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వ్యాఖ్య (హైదరాబాద్ నుంచి)

ముప్పై దాటినవాళ్ళు బొమ్మల సీరియళ్ళ పాటలు పాడటం అక్కడ వింతగా ఉండదా అండీ?

జవాబు

ఉండదండీ. 1970ల్లో పిల్లల పాటలనే లెక్క ఉండేది. 1990లకు వచ్చేసరికి పేరున్న రాక్ బ్యాండ్లే పాడాయి. 1994లో స్లామ్ డంక్‌కి వాండ్స్, తర్వాత నరుతోకి ఏషియన్ కుంగ్-ఫూ జెనరేషన్, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్‌కి లార్కన్‌సియెల్. వాళ్ళ పాటలు చదువుకునే రోజుల పాటలుగానే గుర్తుంటాయి, సీరియల్ చూడనివాళ్ళు కూడా పాడతారు. చిన్నవయసు సహోద్యోగులు ఉంటే 2023లో యొఆసొబి అనే సంగీత జంట చేసిన "ఐడల్" అడుగుతారు. దాని జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకండి, ఊపిరి తీసుకునే చోటు దొరకదు.

యొకొహామా మిత్రునికి ఇంకొకటి. ఒక్కరే వెళ్ళి పాడుకోవడాన్ని "హితొకరా" అంటారు. హితొరి అంటే ఒంటరిగా, దానికి కరోకేలో మొదటి ముక్క చేరింది. మామూలు రోజుల్లో పగటిపూట ధర తక్కువ. ఒక పాటే పట్టుకుని, ఒక్కో నొక్కూ శ్రుతి మార్చి చూసి, మీకు కుదిరిన అంకె ఫోన్‌లో రాసిపెట్టుకోండి. పార్టీలో మైకు అందుకునే ముందే ఆ అంకె పెట్టేసుకోవచ్చు.